పెంపుడు జీవి - ఛాయాచిత్రం - స్మృతి

గృహస్థుని ఇంట విలువైన వస్తువులు రెండు విధాలు. అంగడికి తీసుకుపోతే ధర పలికేవి మొదటి రకం. అంగడిలో చిల్లిగవ్వకు కొరగాకపోయినా, ఆపద ముంచుకొచ్చిన వేళ చేయి ముందుగా వెదికేవి రెండవ రకం. కుటుంబ ఛాయాచిత్రాలు ఈ రెండవ కోవకు చెందుతాయి. వాటిలో తాతముత్తాతల చిత్రాలకూ, వివాహ చిత్రాలకూ ఉన్న గౌరవాన్ని ఎవరూ కాదనరు. కాని ఆ ఆల్బములోనే ఏ మూలనో ఒక పిల్లి, ఒక కుక్క, ఒక మేకపిల్ల కనిపించినప్పుడు చూసేవారు చిరునవ్వు నవ్వి పుట తిప్పివేస్తారు. "జంతువుకు కూడా ఫోటోయా?" అనే ప్రశ్న ఆ నవ్వులో దాగి ఉంటుంది. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగులో మనం దీనిని ఛాయాచిత్రం అంటున్నాం. ఉర్దూలో 'తస్వీర్' అనే మాటతో పాటు 'అక్స్' అనే మాట కూడా ఉంది. ప్రతిబింబమని దాని అర్థం. ఫోటోలు తీసే కళకు 'అక్కాసీ' అనే పేరు అందులోనుంచే వచ్చింది. ఒక భాష దీనిని నీడ అన్నది. మరొక భాష ప్రతిబింబమన్నది. మూలవస్తువు కళ్లెదుట ఉన్నంతవరకు నీడను ఎవరూ లక్ష్యపెట్టరు. మూలం మాయమైన పిమ్మట కూడా నిలిచి ఉండే నీడ ఇది ఒక్కటే కావడం వల్ల దీనికి ఇంతటి విలువ ఏర్పడింది.

మరణించిన మనిషి వెనుక అనేకమైన ఆనవాళ్లు మిగులుతాయి. దస్తావేజు మీద వేలిముద్ర ఉంటుంది. పాఠశాల రిజిస్టరులో పేరు ఉంటుంది. ఉత్తరాలు ఉంటాయి, సమాధి మీద రాయి ఉంటుంది. అన్నిటికీ మించి బిడ్డల ముఖాలలో పోలికలు ఉంటాయి. పెంపుడు జీవి విషయం అటువంటిది కాదు. పన్నెండేళ్లు ఇల్లు కాచిన కుక్క పేరు రేషను కార్డులో ఉండదు. అది తన ప్రేమను చెప్పుకొన్న భాష తోక ఊపడం; ఆ భాషకు లిపి లేదు. పైగా ఈ జీవుల ఆయుర్దాయం స్వల్పం. సాధారణంగా కుక్క పది పదమూడేళ్లు, పిల్లి పన్నెండు పదిహేనేళ్లు బ్రతుకుతాయి. మనిషి బాల్యంలో చేరదీసిన నేస్తం అతడు యౌవనంలో అడుగుపెట్టేసరికే సెలవు తీసుకుంటుంది. ఆ జీవి ఒకప్పుడు ఈ లోకంలో ఉన్నది, ఈ ఇంట తిరిగినది అని చెప్పడానికి మిగిలే సాక్ష్యం చాలాసార్లు ఒక్క ఛాయాచిత్రం మాత్రమే.

మనసులో జ్ఞాపకం ఉండగా కాగితం మీద బొమ్మ దేనికని కొందరు అడుగుతారు. ఈ అభ్యంతరం వినడానికి సహేతుకంగానే ఉంటుంది. కాని జ్ఞాపకం మనం అనుకున్నంత నమ్మకమైన పేటిక కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా వివరించాడు. దాచిన వస్తువును తీసినట్లుగా మనం గతాన్ని బయటికి తీయము. గుర్తు చేసుకున్న ప్రతిసారీ దానిని కొత్తగా నిర్మించుకుంటాము. ఆ నిర్మాణంలో కొన్ని వివరాలు జారిపోతాయి, మరికొన్ని మారిపోతాయి. ప్రేమ మిగులుతుంది గాని, ప్రేమించిన కుక్కకు ఏ చెవి వంగి ఉండేదో మరచిపోతాము. ఆ వంగిన చెవిని మనకు తిరిగి ఇచ్చేది ఛాయాచిత్రం.

మూగజీవితో మనిషికి గల బంధం నేటి నగరవాసుల వేడుక అనుకోవడం కూడా పొరపాటు. మహాప్రస్థానంలో తమ్ములూ, భార్యా నేలకొరిగిన పిమ్మట ధర్మరాజు వెంట చివరిదాకా నడచినది ఒక శునకం. దానిని విడిచి రమ్మంటే ఇంద్రుని రథాన్నే ఆయన నిరాకరించాడు. పదిహేను పర్వాలను తెనిగించిన తిక్కన సోమయాజి ద్వారా ఆ ఘట్టం మన తెలుగువారి సొత్తు అయినది. ఇస్లామీయ సంప్రదాయంలో, దప్పికతో నాలుక చాచిన కుక్కకు బావిలో దిగి పాదరక్షతో నీరు తెచ్చి ఇచ్చిన మనిషికి దైవక్షమ లభించిందనీ, పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీ శిక్షకు గురి అయినదనీ హదీసులు తెలుపుతున్నాయి. అత్యధిక సంఖ్యలో హదీసులను ఉల్లేఖించిన అనుచరుడు అబూ హురైరా. పిల్లికూన మీది మమకారం వల్లనే ఆయనకు ఆ పేరు వచ్చింది.

వీటన్నిటికంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది ఖుర్‌ఆన్‌లోని గుహవాసుల వృత్తాంతం. విశ్వాసం కాపాడుకోవడానికి గుహలో తలదాచుకొని, ఏళ్ల తరబడి నిద్రించిన యువకుల కథ అది. వారి వెంట ఒక కుక్క ఉన్నది. ఆ యువకుల రూపురేఖలను గురించి మనకు తెలిసేది బహుస్వల్పం. కాని ఆ కుక్క ముందరి కాళ్లు చాచి గుహ వాకిట పడి ఉన్న భంగిమ మాత్రం స్పష్టంగా పేర్కొనబడింది. ఛాయాగ్రహణమనే మాట పుట్టడానికి ఎన్నో శతాబ్దాలకు ముందే ఒక మూగజీవి భంగిమ ఈ విధంగా మాటలలో పదిలమైంది.

చిత్రకళ ద్వారా ఆ పని చేయించగలిగినవారు ఒకప్పుడు చక్రవర్తులు మాత్రమే. మొగలు పాదుషా జహంగీరుకు మన్‌స్‌రాజ్ అనే పెంపుడు జింక ఉండేది. అది చనిపోగా లాహోరుకు సమీపంలోని షేఖూపురాలో 1606-07 ప్రాంతంలో దాని స్మృత్యర్థం ఒక మీనారు కట్టించాడు. నేటికీ దానిని హిరన్ మీనారు అంటారు. ఆ మైదానంలో జింకలను ఎవరూ వేటాడరాదని కూడా ఆజ్ఞాపించాడు. ఆయన స్వయంగా గొప్ప వేటగాడు. మన్‌స్‌రాజ్ కూడా అడవి జింకల వేటకు తోడ్పడిన జంతువే. అటువంటివాని హృదయం కూడా ఒక్క జింక చావుతో చలించింది. 1612లో గోవా నుండి తన కొలువుకు వచ్చిన టర్కీ కోడిని చూచి అబ్బురపడి ఆయన దాని చిత్రం గీయించాడు. ఉస్తాద్ మన్సూర్ కుంచె వల్ల ఆ పక్షి నాలుగు శతాబ్దాల తరువాత కూడా నిలిచి ఉన్నది. కాని ఆనాటి పేదవాని ఇంటి మేకకు మీనారు లేదు, మన్సూరు లేడు.

ఈ వ్యత్యాసాన్ని చెరిపివేసినది ఛాయాగ్రహణం. అయితే అది ఒక్కనాటితో జరిగిన పని కాదు. 1839లో ఫ్రాన్సు దేశస్థుడు డగ్యూరు తన పద్ధతిని లోకానికి వెల్లడించినప్పుడు ఒక్క చిత్రానికి నిమిషాల తరబడి కాంతి సోకవలసి వచ్చేది. మనుషులే తల కదలకుండా వెనుక ఊతకోలలు పెట్టుకొని కూర్చునేవారు. ఇక తోక ఊపే కుక్కను నిలబెట్టడం ఎవరి తరం? 1878లో అమెరికాలో మైబ్రిడ్జి అనే ఛాయాగ్రాహకుడు పన్నెండు కెమెరాలను వరుసగా అమర్చి పరుగెత్తే గుర్రాన్ని చిత్రించిన పిమ్మట, కదిలే ప్రాణిని పట్టగల శక్తి ఈ కళకు ఉన్నదని అందరూ గ్రహించారు. 1900లో కొడాక్ సంస్థ బ్రౌనీ అనే పెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మడంతో ఈ కళ స్టూడియో గడప దాటి సామాన్యుల పెరటిలోకి వచ్చింది.

మన హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ ప్రఖ్యాత ఛాయాగ్రాహకుడు. ఆయన స్టూడియో చిత్రాలలో వేటాడిన పులుల చెంత నిలిచిన ప్రభువులు కనిపిస్తారు. ఆ చిత్రాలలో జంతువు మనిషి పరాక్రమానికి ఒక ప్రదర్శన వస్తువు. పల్లెటూరి రైతు ఇంటి గోడ మీద వేలాడే ఎద్దుల జత ఫోటో స్వభావం వేరు. ఒంగోలు జాతి ఎద్దులు బండలాగుడు పందెంలో గెలిచిననాడు కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండలు వేసి, పక్కన తలపాగాతో యజమాని నిలబడి తీయించుకున్న చిత్రాలు కోస్తాలోనూ, రాయలసీమలోనూ ఎన్నో ఇళ్లలో నేటికీ కనిపిస్తాయి. కరవు వచ్చిన ఏడాది ఎద్దులను అమ్ముకోవలసి వస్తుంది. గోడ మీది చిత్రాన్ని మాత్రం ఏ రైతూ అమ్మడు. ఇక్కడ జంతువు మనిషికి సహచరుడు. ఈ రెండు విధాల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, చంపిన దానిని చూపుకోవడానికీ పెంచిన దానిని తలచుకోవడానికీ గల అంతరం విశదమవుతుంది.

ఈ సందర్భంలో స్వానుభవం ఒకటి చెప్పక తప్పదు. కర్నూలులో మా ఇంట చాందు అనే మేకపోతు ఉండేది. నుదుట చంద్రవంక వంటి తెల్లని మచ్చ ఉండడం వల్ల ఆ పేరు. నెలల పిల్లగా ఉన్నప్పుడు మా నాయనగారు దానిని సంతలో కొని తెచ్చారు. బక్రీదుకు ఖుర్బానీ కోసమే తెచ్చారన్న సంగతి పెద్దలకు తెలుసు. ఏడేళ్ల మా చెల్లెలికి తెలియదు. ఆమె దానికి తుమ్మకాయలు ఏరి పెట్టేది, తన జొన్నరొట్టెలో సగం తుంచి ఇచ్చేది. అది బడి వాకిలి వరకు ఆమె వెంట నడచి వెళ్లేది. ఆ ఏడాది మా చిన్నాన్నగారి వివాహం జరిగింది. ముప్ఫైఆరు బొమ్మల రీలులో చివర ఒక్కటి మిగిలింది. చెల్లెలు మారాం చేయగా, ఎలాగూ వృథా పోయేదే కదా అని ఫోటోగ్రాఫరు ఆమెనూ చాందునూ కలిపి ఒక చిత్రం తీశాడు.

2001లో బక్రీదు వచ్చింది. చెల్లెలు మేక మెడ కౌగిలించుకొని విడవలేదు. మా నాయనగారు ఆమెను దగ్గరకు తీసుకొని, "బేటీ, మనకు ఇష్టం లేనిది ఇస్తే అది ఖుర్బానీ ఎలా అవుతుంది?" అన్నారు. ఏడేళ్ల పిల్లకు ఆ మాట ఎంతవరకు అర్థమయిందో నేను చెప్పలేను. ఆ దినం ఆమె భోజనం చేయలేదు. ఇంటికి వచ్చిన బంధువులు మేక కోసం ఏడుస్తున్నదని నవ్వారు. అప్పుడు మా దాదీ, "నవ్వకండి. ఆ పిల్ల ఏడవకపోతే ఇక మనం ఇచ్చినదేమిటి?" అని మందలించింది. కొన్ని దినాల తరువాత ఫోటోలు కడిగించి తెచ్చినప్పుడు ఆ చిత్రాన్ని పెళ్లి ఆల్బములోనే, పెళ్లికొడుకు బొమ్మ పక్కన పెట్టించింది. చదువురాని ఆ ముదుసలి ఆ రోజు చేసిన పని ఎంత గొప్పదో గ్రహించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ నదులు పొంగి కర్నూలు నగరాన్ని ముంచివేశాయి. నీరు తీసిన పిమ్మట ఇంటికి తిరిగి వచ్చి చూస్తే ఇల్లంతా బురద. బియ్యం, బట్టలు, పుస్తకాలు అన్నీ పాడయ్యాయి. చెల్లెలు మొదట వెదికినది ఆ ఆల్బము. పుటలన్నీ తడిసి ప్లాస్టిక్ పొరలకు అంటుకుపోయి ఉన్నాయి. నేను దానిని మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆరబెట్టి, తొందరపాటుతో చాందు చిత్రాన్ని పట్టి లాగాను. సగం బొమ్మ ప్లాస్టిక్ పొరతోనే ఊడిపోయింది. చెల్లెలి ముఖం పోయింది. మేక ముఖమూ, దాని మెడ మీద ఉన్న ఆమె చేయీ మిగిలాయి. నేను తప్పు చేసినవానివలె నిలబడి ఉండగా ఆమె ఆ ముక్కను తీసుకొని, "పోనీ భయ్యా, నా ముఖం అద్దంలో చూసుకుంటాను. దాని ముఖం ఇంకెక్కడ ఉంది?" అన్నది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన సారమంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

మా బంధువులు నవ్విన ఆ నవ్వుకు మనస్తత్వశాస్త్రంలో ఒక స్థానం ఉంది. కెనెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో, సమాజం గుర్తించని దుఃఖం అనే భావనను వివరించాడు. బంధువు మరణిస్తే పరామర్శ ఉంటుంది, సెలవు ఉంటుంది, నలుగురు కలిసి చేసే కర్మకాండ ఉంటుంది. పెంపుడు జీవి మరణిస్తే ఇవేవీ ఉండవు. దుఃఖం మాత్రం ఉంటుంది. పంచుకోవడానికి చోటులేని దుఃఖం లోలోపల ముదురుతుంది. అటువంటివానికి ఛాయాచిత్రం ఒక ఆధారం. దానిని ఎదుటివారి చేతికి ఇచ్చి "ఇది మా రాజు, ఇలా ఉండేవాడు" అని చెప్పడంతో ఆ దుఃఖానికి ఒక శ్రోత దొరుకుతాడు.

మరణించినవారిని మరచిపోవడమే దుఃఖనివారణకు మార్గమని పూర్వం పలువురు శాస్త్రజ్ఞులు భావించేవారు. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు కలిసి ప్రకటించిన గ్రంథం ఈ అభిప్రాయాన్ని సవరించింది. బంధం తెగిపోనక్కరలేదు, రూపం మార్చుకొని కొనసాగవచ్చునని వారు ప్రతిపాదించారు. ఛాయాచిత్రం ఆ కొనసాగింపునకు సులభమైన సాధనం. బాలల విషయంలో ఇది మరీ ముఖ్యం. న్యూయార్కు నగరానికి చెందిన బోరిస్ లెవిన్‌సన్ అనే మనస్తత్వవేత్త, ఎవరితోనూ కలవని ఒక బాలుడు తన కుక్క జింగిల్స్‌తో చనువుగా మెలగడం గమనించి, చికిత్సలో జంతువుల తోడ్పాటును గురించి 1960వ దశకంలో వ్రాశాడు. మనుషుల వద్ద విప్పని మనసును బాలలు మూగజీవుల వద్ద విప్పుతారు. అట్టి నేస్తం పోయినప్పుడు "ఊరికి పోయింది" అని బొంకడం, దాని గుర్తులన్నీ దాచివేయడం మేలు కాదు. అయితే ఒక హెచ్చరిక. కొందరికి తొలిదినాలలో చిత్రం చూడగానే దుఃఖం ద్విగుణమవుతుంది. అటువంటివారిని బలవంతపెట్టరాదు. చిత్రాన్ని భద్రపరచి ఉంచితే చాలు. చూడవలసిన దినాన్ని వారే నిర్ణయించుకుంటారు.

ప్రాణుల చిత్రాలను గురించి మన ధర్మవేత్తలలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయని ఎరుగుదును. కూడదన్నవారున్నారు, కెమెరా పట్టేది ప్రతిబింబమే గనుక అద్దంలో చూచుకోవడం వంటిదేనని సమ్మతించినవారూ ఉన్నారు. ఆ వాదాన్ని పరిష్కరించే అర్హత నాకు లేదు. మనస్సాక్షి అంగీకరించనివారు ఆ జీవి మెడలోని గంటనో, పట్టెడనో దాచుకోవచ్చు. దానిని గురించి ఒక్క పుట వ్రాసి పెట్టుకోవచ్చు. భూమి మీద సంచరించే జంతువులూ, రెక్కలతో ఎగిరే పక్షులూ మీవంటి సముదాయాలేనని ఖుర్‌ఆన్ అన్‌ఆమ్ అధ్యాయంలో బోధించింది. ఆ బోధను గుర్తుంచుకోవడం ఉభయ పక్షాలకూ సమ్మతమే గదా!

ఇక చిత్రాలను తీయడంలోనూ, భద్రపరచడంలోనూ పాటించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. జంతువును పైనుండి చూస్తూ తీసిన బొమ్మలో దాని వీపు తప్ప ముఖం కనిపించదు. దాని కన్నుల ఎత్తుకు మనం వంగాలి. పగటి వెలుగు చాలు. హఠాత్తుగా మెరిసే వెలుగుకు జంతువులు బెదురుతాయి. నగిషీ తెరల ముందు నిలబెట్టడం కంటె అది నిత్యం పడుకునే అరుగు, తినే పళ్లెం, దానిని నిమిరే చేయి చిత్రంలో ఉండడం మేలు. కాలం గడిచాక ఆ వివరాలే మాట్లాడతాయి.

కాగితపు చిత్రం మీద ఉండేది జిలాటిన్ పొర. తేమ తగిలితే దానికి బూజు పడుతుంది. వెండి పురుగులకు అది ఆహారం. ఎండ సోకితే రంగు బొమ్మలు వెలిసిపోతాయి. బాగా కడిగిన నలుపు తెలుపు బొమ్మలు వాటికంటె ఎక్కువ కాలం నిలుస్తాయి. జిగురు పుటల ఆల్బములు క్రమేణ బొమ్మను పాడుచేస్తాయి గనుక ఒక్కొక్క చిత్రాన్ని మంచి కాగితపు కవరులో ఉంచి, గోడకు ఆనించని బీరువాలో పెట్టడం ఉత్తమం. నెగెటివులు ఉంటే వేరొక చోట దాచాలి. వరదలో తడిసిన బొమ్మలను నావలె ఎండబెట్టి లాగకూడదు. అవి ఆరిపోకముందే చల్లని శుభ్రమైన నీటిలో ఉంచి, మెల్లగా విడదీసి, బొమ్మవైపు పైకి ఉండేట్లు నీడపట్టున ఆరబెట్టాలి. ఈ పని రెండు దినాలలోపు జరగాలి.

నేడు ప్రతివారి చేతిలోనూ ఫోను ఉంది. ఒక్క పిల్లికూనకు వేయి బొమ్మలు ఉంటాయి. సంఖ్య పెరిగినంతమాత్రాన భద్రత పెరగలేదు. ఫోను పోయిన దినం ఆ వేయీ ఒక్కసారిగా పోతాయి. కనుక పది బొమ్మలు ఎంచుకొని కాగితం మీద అచ్చు వేయించడం, మరొక ప్రతిని వేరే చోట నిలువచేయడం అవసరం. అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి ఉంది. బొమ్మ వెనుక మెత్తని పెన్సిలుతో ఆ జీవి పేరు, ఊరు, సంవత్సరం వ్రాయాలి. మనిషి తన పేరు తాను చెప్పుకోగలడు. జంతువు చెప్పుకోలేదు; పేరు పెట్టిన మనమే అది చెప్పాలి. పేరు వ్రాయని చిత్రం రెండు తరాల పిమ్మట "ఎవరిదో కుక్క"గా మిగిలిపోతుంది.

విద్యార్థి మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ పెద్దల వద్ద ఉన్న పాత చిత్రాలు ఒకసారి తీసి చూడండి. వాటిలో ఏ మూలనైనా ఒక పాడి గేదెనో, ఒక రామచిలుకనో చూస్తే నవ్వి పుట తిప్పవద్దు. దాని పేరేమిటని అడగండి. చెప్పగలిగినవారు బ్రతికి ఉన్నప్పుడే ఆ పేరు వెనుక వ్రాసి పెట్టండి. మనకు పాలిచ్చి, మన వాకిలి కాచి, మన పొలం దున్ని, కొన్నిసార్లు మన కోసం ప్రాణమే ఇచ్చిన జీవులకు మనం తిరిగి ఇవ్వగలిగినది చాలా తక్కువ. ఆ కొద్దిలో ఇదొకటి.

మా చెల్లెలు ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి. ఆ సగం చిత్రం ఆమె ఇంట ఒక కాగితపు కవరులో భద్రంగా ఉన్నది. వెనుక ఆమె చేతివ్రాతతో రెండే మాటలు ఉన్నాయి: "చాందు, 2001". బిడ్డలు దానిని తీసి, ఈ మేక మెడ మీద ఉన్న చేయి ఎవరిదని అడిగినప్పుడల్లా ఆమె కథ మొదటినుండి చెబుతుంది.